కళ్ళు మూయని పటం

1981 మాఘమాసంలో వరంగల్ కొత్తవాడ పద్మశాలీలు తమ పాత పటాన్ని ధర్మసాగర్ నీళ్ళలో వదిలారు. వదిలిన మూటలో పటం లేదన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ పటాన్ని నలభై ఏళ్ళు భుజాన మోసిన మొండయ్య. రెండోవారు నిర్మల.

పటమంటే ముప్పై మూరల గుడ్డ. పద్మశాలీల కులం ఎట్లా పుట్టిందో, మూలపురుషుడు తామరతూటి నారతో దేవతలకు మొదటి బట్ట ఎట్లా నేశాడో దాని మీద గడులు గడులుగా గీసి ఉంటుంది. ఆ కథ చెప్పడమే మొండయ్య ఇంటివాళ్ళ వృత్తి. మూడేళ్ళకోసారి వాడకు వచ్చేవాడు. ఆ మూడు రోజులు మగ్గాలు ఆగేవి. మధ్యాహ్నం పందిరి కింద పటం కట్టి, ఒక్కో గడి విప్పుతూ పాడేవాడు. పాడినది పైకి చుట్టుకుపోయేది, పాడవలసింది కింద చుట్టలోనే ఉండేది. జనం కళ్ళ ముందు ఎప్పుడూ ఒక్క గడే.

పటానికీ ఆయుష్షు ఉంటుంది. రంగు రాలి గుడ్డ పిగిలే కాలానికి చేర్యాల దిక్కు నుంచి చిత్రకారులు కొత్తది గీసి తెస్తారు. అప్పుడు కథకుడు పాత పటంతో ఒక గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. ఒక్కో బొమ్మకూ పసుపు అద్ది కళ్ళు మూస్తాడు. తర్వాత మూట కట్టి బయటికి తెస్తే, కులపెద్ద దానికి మనిషికి చేసినట్టే నీళ్ళు విడుస్తాడు. ఇదంతా అయ్యాకే కొత్త బొమ్మలకు కళ్ళు దిద్దుతారు.

నిర్మల ఆ కులపెద్ద లక్ష్మీనర్సయ్య కూతురు. బరోడాలో కళల చరిత్ర చదివి, హనుమకొండలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేది. తను కూడా బొమ్మలు వేసేది. పెద్ద కాన్వాసుల మీద రంగు మీద రంగు, ఆకారమేమీ లేకుండా. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆమెను తొలిచే ప్రశ్న ఒక్కటే. ఏది కళో ఎక్కడ తేలుతుంది? తెప్పించుకుని చదివే పత్రికలన్నింటిలో నాలుగైదు పెద్ద నగరాల పేర్లే ఉండేవి. అక్కడ వేలాడదీసింది కళ. కొత్తవాడలో వేలాడదీసింది కులాచారం. దీని మీద ఒక వ్యాసం రాసింది. అంచున ఉన్న ప్రాంతపు బొమ్మ కూడా లోకం చూపు పడితేనే బతుకుతుందని అందులో వాదించింది.

ఆ వ్యాసం రాజేశ్వర్ రావు చదివాడు. ఆయనది హనుమకొండే, కానీ ఢిల్లీలో ఉండి విదేశీ ప్రదర్శనలకు వస్తువులు ఏర్చి పంపేవాడు. ఫ్రాన్సులో ఒక మ్యూజియం మూడేళ్ళ తర్వాత 'అంచుల కళ' అని పెద్ద ప్రదర్శన పెడుతోందనీ, మీ పటం దొరికితే మధ్య హాలులో ఉంచుతారనీ, అక్కడి సభలో మీరు వ్యాసం చదవాలనీ ఉత్తరం రాశాడు. కొత్త పటం వద్దు, పాతదే కావాలన్నాడు.

మాఘమాసానికి ఇంకా రెండు వారాలున్నాయి. మొండయ్య అప్పటికే వాడకు వచ్చి లక్ష్మీనర్సయ్య ఇంటి వెనక గదిలో దిగి ఉన్నాడు. నిర్మల పోయి ఆయన పక్కన కూచుంది.

"తాతా, ఇంత మంచి పటం నీళ్ళల్ల కరిగిపోతే ఎవలికి లాభం చెప్పు? ఆడ అద్దాల వెనుక పెడ్తరు. పురుగు ముట్టది, తడి తగలది. దేశదేశాలోళ్ళు వచ్చి సూస్తరు."

"లోకం సూడనీకి గీసింది గాదు బిడ్డా. మనం సూడనీకి."

"మనం సూసుడు అయిపోయింది గద. కొత్తది వచ్చింది. నీ పేరు రాస్తరు తాతా దాని పక్కన. మీ తాత పేరు గూడ. ఇన్నేండ్లు మోసినవ్, నీ పేరు ఎవలికన్న తెల్సా?"

మొండయ్య పటం చుట్ట మీద చేయి వేశాడు. తన ఇంటికి తరతరాలుగా అన్నం పెట్టిన ఇంటి ఆడబిడ్డ అడుగుతోంది. ఆ ఇంటి మాటకు ఆయన ఏనాడూ కాదనలేదు. ఎట్లా కాదనాలో కూడా తెలియదు.

"మరి మీ బాపుకు ఏమని చెప్తం?"

"చెప్పకు," అంది నిర్మల.

గదిలో తలుపేసుకున్నప్పుడు ఆయన పసుపు గిన్నె ముట్టుకోలేదు. నిర్మల తెచ్చిచ్చిన గాడా అనే ముతక గుడ్డను చుట్టి, మూటకట్టి, బయటికి తెచ్చాడు. అసలు పటం ఆ తర్వాత నిర్మల చేతుల మీదుగా రాజేశ్వర్ రావుకు చేరింది. లక్ష్మీనర్సయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కన్నతండ్రికి చేసినప్పటి లాగే నీళ్ళు విడిచాడు. గట్టు మీద ఆడవాళ్ళు ఏడ్చారు. నిర్మల తల్లి యాదవ్వ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. నిర్మల కూడా కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక, అక్కడ తడి లేదని ఆమెకే తెలిసి చేయి దించేసింది.

మర్నాడు కొత్త పటానికి కళ్ళు దిద్దారు. మొండయ్య పాట ఎత్తాడు. మొదటి మూడు గడులూ గొంతు ఎప్పటిలాగే గంటలా మోగింది. నాలుగో గడి విప్పి, చూపుడు కర్ర ఎత్తి, ఆగిపోయాడు. ఆ గడిలో మూలపురుషుడు మంటల్లోంచి నడిచి వస్తున్నాడు. కుంకుమ రంగు మంటలు. వాటి నడుమ పెద్ద పెద్ద కళ్ళతో మనిషి.

"ఈ గడిల బొమ్మ గియ్యలేదా?" అన్నాడు మొండయ్య.

జనం నవ్వారు. ముసలాయన హాస్యమాడుతున్నాడు అనుకున్నారు. ఆయన ముందుకు వంగి గుడ్డ మీద చేయి వేసి తడిమాడు. మంటల మీద అరచేయి ఆనించి, "తెల్లగున్నది," అన్నాడు మెల్లగా. ఆయన మొహం చూసి నవ్వులు ఆగిపోయాయి.

కళ్ళ జబ్బు అనుకున్నారు. దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు అక్షరాల అట్ట చూపించి, దీపం వేసి చూసి, ఈ వయసుకు ఇంత మంచి చూపు తాను చూడలేదన్నాడు. నూలు పోగులు లెక్కపెట్టమంటే మొండయ్య దూరం నుంచే లెక్కపెట్టాడు. పటంలో ఆ ఒక్క గడి మాత్రం ఆయనకు ఉత్త గుడ్డ.

తర్వాతి నెలలో తొర్రూరులో కథ చెప్పాడు. అక్కడ ఇంకో గడి కూడా పోయింది. కేసముద్రంలో ఇంకో రెండు. కథ నోటికి వచ్చు కాబట్టి తెల్ల గుడ్డ మీదే కర్ర పెట్టి పాడేవాడు. కర్ర ఒక్కోసారి బొమ్మ పొట్ట మీద పడేది, ఒక్కోసారి చెట్టు మీద. ఊళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. పట్టణం వచ్చినప్పుడల్లా నిర్మలకు లెక్క చెప్పిపోయేవాడు.

"పన్నెండు పోయినయ్ బిడ్డా."

"కండ్లకు మళ్ళా సూపిద్దాం తాతా."

"కండ్లది గాదు. ఆ పటంల ఉన్నోళ్ళు ఇంక పోలే. పోకుంట ఈడికి ఎట్లస్తరు?"

నిర్మల దాన్ని మనసు చేసే మాయ అని తనకు తాను చెప్పుకుంది. దాని గురించి నోట్సు కూడా రాసుకుంది. కానీ అప్పటి నుంచి కాలేజీలో నల్లబల్ల మీద బొమ్మ వేసేటప్పుడు మొహాలకు కళ్ళు పెట్టలేకపోయేది. సుద్ద అక్కడి దాకా పోయి ఆగేది. పిల్లలు గమనించి, "మేడమ్, కండ్లు మర్చిపోయిన్రు," అనేవాళ్ళు.

1984 వేసవి మొదట్లో ఆ ప్రదర్శనకు ఫ్రాన్సు వెళ్ళింది. అది తొలి విమాన ప్రయాణం. మ్యూజియం పాత రాతి భవనం. లోపల చల్లగా, సన్నని వెలుతురుతో ఉంది. ఎక్కువ వెలుతురు పడితే రంగులు పాడవుతాయని చెప్పారు. ఆఫ్రికా ముసుగులు, ఏవో ద్వీపాల పడవ బొమ్మలు దాటి మధ్య హాలులోకి అడుగుపెట్టి నిలబడిపోయింది.

పటాన్ని పూర్తిగా విప్పేశారు. ముప్పై మూరలూ గోడ పొడవునా అద్దం వెనక పరిచారు. పుట్టుక, పెళ్ళి, యుద్ధం, చావు, అన్నీ ఒక్కసారే. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసింది కానీ రెండు గడులను పక్కపక్కన ఆమె ఏనాడూ చూడలేదు. చావవలసినవాడు పక్క గడిలో తన చావు వైపే చూస్తున్నాడు. పెళ్ళికూతురు తన శవం పక్కన నగలు పెట్టుకుంటోంది. రెండు వందల మొహాలు. అన్నింటికీ చెవుల దాకా సాగిన తెల్లని కళ్ళు. ఒక్క కన్నూ మూసి లేదు. పాట మొదలవుతుందని కూచున్న జనంలా ఉన్నారు వాళ్ళంతా.

పక్కన ఇత్తడి రేకు మీద రాశారు: 'చిత్రకారుడు అజ్ఞాతుడు. దక్షిణ భారతం.' మొండయ్య పేరు లేదు. వాళ్ళ తాత పేరు లేదు. వరంగల్ కూడా లేదు.

గుడ్డను కాపాడే పని చూసే అధికారిణి గర్వంగా చెప్పింది, "ఈ చలిలో, ఈ వెలుతురులో ఇది ఐదు వందల ఏళ్ళు ఇలాగే ఉంటుంది."

ఐదు వందల ఏళ్ళు. నిర్మల మళ్ళీ ఆ తెరిచిన కళ్ళ వైపు చూసింది.

హాలులో ఒక కాపలా మనిషి ఉన్నాడు. నెరసిన జుట్టు, నల్లని మొహం, నీలం కోటు. కాపలావాళ్ళు వస్తువులకు వీపు పెట్టి, వచ్చేవాళ్ళ వైపు చూస్తూ నిలబడతారు. ఇతను మాత్రం పటం వైపు తిరిగి నిలబడ్డాడు. నిర్మల చీర చూసి దగ్గరికి వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇది మీ దేశానిదా?"

"మా ఊరిది."

"వీళ్ళు ఎవరి కోసం చూస్తున్నారు?"

నిర్మల పటం వైపు తిరిగింది. అతనే అన్నాడు, "మా ఊళ్ళో అయితే వీళ్ళను ఇలా ఉంచరు. పడుకోబెడతారు. నేను వీళ్ళకు వీపు చూపించలేను. పైవాళ్ళు రెండుసార్లు తిట్టారు."

మధ్యాహ్నం సభ. ఒక ప్రొఫెసరు అంచు ప్రాంతాల కళకు కర్త ఉండడనీ, కాలం ఉండదనీ, అది మన చూపులోనే పుడుతుందనీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నిర్మల లేచి తన వ్యాసం అందుకుంది. మూడో పేజీలో తాను రాసిన వాక్యమే ఎదురైంది. లోకం చూపు పడితేనే బతుకుతుంది. ఆ ప్రొఫెసరు అన్నదానికీ తను రాసినదానికీ తేడా ఏమిటో వెతికింది. కనబడలేదు. కాగితాలు మడిచేసింది.

"ఈ పటం చనిపోవలసిన పటం," అంది. "దానికి మా వాడలో చావు ఉంది. నేను ఆపాను. వెనక్కి ఇవ్వండి, తీసుకుపోతాను."

ఎవరో అది చాలా అందమైన భావన అన్నారు. ఎవరో రాసుకున్నారు. సభ తర్వాత రాజేశ్వర్ రావు ఆమెను పక్కకు తీసుకుపోయాడు.

"ఇదేంది నిర్మలా, ఇంతమంది ముంగట? పటం వాళ్ళ శాశ్వత సేకరణల చేర్చుకున్నరు. ఇగ వాపసు రాదు. మనూరి బొమ్మ ఈడ ఉన్నందుకు సంతోషపడాలె గని!"

"మనూరి పేరే లేదు కద సార్ అక్కడ."

ఆయన గడియారం చూసుకుని హాలులోకి పోయాడు.

ఇంటికి వచ్చిన మూడో రోజున, పొద్దున పూట, తండ్రి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తుండగా నిర్మల పోయి ఎదురుగా కూచుంది. అన్నీ చెప్పింది. మొండయ్య తప్పు లేదనీ, తానే అడిగాననీ చెప్పింది. చెబుతున్నంతసేపూ లక్ష్మీనర్సయ్య పోగుల మధ్య నాడె విసురుతూనే ఉన్నాడు. చెప్పడం అయిపోయాక మగ్గం ఆగింది.

"మరి నేను ఎవలికి నీళ్ళిడిచిన బిడ్డా?"

ఆయన అరవలేదు. ఆ ప్రశ్నే ఇంకోసారి, ఈసారి తనలో తాను అనుకున్నట్టు, అన్నాడు. గడపలో నిలబడి విన్న యాదవ్వ లోపలికి పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆమె కూతురితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట మాత్రం లేదు.

మొండయ్యకు కబురు పెట్టారు. వచ్చేసరికి ఆయనకు ఒక్క గడి మినహా పటమంతా తెల్లబడింది. కులంవాళ్ళు పదిమంది లక్ష్మీనర్సయ్య వాకిట్లో కూచున్నారు. మార్కండేయులు అనే నడివయసాయన నిర్మలను కులం నుంచి వెలి వేయాలన్నాడు. లక్ష్మీనర్సయ్య, వేస్తే ముందు తనను వేయాలన్నాడు. గొడవ పెరుగుతుంటే మొండయ్య చేయి ఎత్తాడు.

"వెలేస్తే వాళ్ళు వస్తరా? మనిషి దూరదేశంల పోయి పీనుగ దొరక్కపోతే ఏం చేస్తం? మోదుగాకుతోని మనిషిని చేసి సాగనంపుతం. బొమ్మకు గూడ గట్లనే చేద్దాం. ఆ పటం అసుంటిదే ఇంకోటి గీయించి, దానికి కండ్లు మూద్దాం."

చిత్రకారుల ఇంటికి మనిషిని పంపారు. వాళ్ళు ఒప్పుకోలేదు. బతకడానికి పటం గీస్తాం, చావడానికి గీయం అన్నారు. వాకిట్లో అందరూ నిర్మల వైపు చూశారు.

ఆమె దగ్గర పాత పటం ఫోటోలు ఉన్నాయి. తెచ్చి పెడితే మొండయ్య పక్కకు నెట్టేశాడు. "ఇవి వద్దు. నేను పాడుత, నువ్వు గియ్యి," అన్నాడు.

లక్ష్మీనర్సయ్య తన చేత్తో ముప్పై మూరల గుడ్డ నేశాడు. దానికి చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టారు. మిగిలిన ఎండాకాలం సెలవుల్లో పొద్దున ఏడింటికి కూచుంటే మధ్యాహ్నం దాకా పని. మొండయ్య కళ్ళు మూసుకుని పాడేవాడు. నిర్మల నేల మీద బోర్లా వంగి గీసేది. ఇన్నేళ్ళూ ఆకారం లేని రంగులు పూసిన చేతికి మొదట్లో ఏనుగు కాలు కూడా రాలేదు. నాలుగో రోజుకు గీత తెగకుండా నడవసాగింది. ఆరో రోజున చూస్తే తొమ్మిదో గడిలో మగ్గం పక్కన ఒక ఆడమనిషి ఉంది. చేతిలో కదురు, తల ఒక పక్కకు వంచి ఉంది. పాటలో ఆమె లేదు. నిర్మల ఫోటోలు తీసి చూసింది. వాటిలోనూ లేదు.

"తాతా, ఈమె ఎవలు?"

మొండయ్య కళ్ళు తెరిచి చూశాడు.

"నువ్వే గీసినవ్ గద."

"గీసిన. గని నాకెర్క లేదు."

"ఉండనియ్. తుడ్వకు."

ఆయనకు ఆ బొమ్మలన్నీ కనిపించాయి. నిర్మల గీసిన ఒక్కో గీతా కనిపించింది. అది తెలిసిన రోజున ఆమె కుంచె పక్కన పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.

పంతొమ్మిది రోజులు పట్టింది. ఆఖరి రోజున కళ్ళు దిద్దాలి. మూడేళ్ళుగా ఒక్క మొహానికీ కన్ను పెట్టలేని చేతితో రెండు వందల మొహాలకూ కళ్ళు పెట్టింది. తన జీవితంలో అంతకంటే మంచి బొమ్మ గీయలేదని ఆమెకు తెలుసు. ఎవరూ ఫోటో తీయలేదు. ఆమే వద్దంది.

ఈసారి గది తలుపు వేసుకోలేదు. పటాన్ని వాకిట్లో పరిచి, వాడంతా కూచుని పసుపు అద్దారు. పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా తలా ఒక మొహం. మార్కండేయులు కూడా వచ్చి నాలుగు మొహాలకు అద్దాడు. కదురు పట్టుకున్న ఆడమనిషి దగ్గరికి యాదవ్వ వచ్చింది. వంగి ఆ కళ్ళ మీద పసుపు పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి పోయింది.

ధర్మసాగర్ గట్టున గాలి బాగా ఉంది. లక్ష్మీనర్సయ్య నీళ్ళు విడిచాడు. మూట వదిలితే మునగలేదు. గంజి పట్టించిన గుడ్డ కదా, తేలుతూ ఒడ్డుకే వచ్చింది. రెండుసార్లు నెట్టారు, రెండుసార్లూ వచ్చింది. మూడోసారి నిర్మల చీర కుచ్చిళ్ళు దోపుకుని నడుము లోతు నీళ్ళలోకి దిగింది. మూట మీద రెండు చేతులూ వేసి లోపలికి అదిమి పట్టుకుంది. నీళ్ళు పసుపుపచ్చగా, తర్వాత ఎర్రగా మారాయి. చేతుల కింద గుడ్డ మెత్తబడి, బరువెక్కి, తనంతట తాను కిందికి పోయేదాకా అట్లాగే నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం పందిరి కింద మొండయ్య మూడేళ్ళ కిందటి కొత్త పటం విప్పాడు. మొదటి గడిలో బొమ్మలు కనిపించగానే కర్ర ఎత్తాడు. పాట ఎత్తాడు. రెండో గడి కనిపించింది, మూడోది కనిపించింది. నాలుగో గడి విప్పి, ఒక్క క్షణం ఆగి, కర్ర కిందికి దించాడు. నిర్మలకు అర్థమైంది. కానీ ఆయన పాట ఆపలేదు. మంటల్లోంచి నడిచి వచ్చే మనిషిని, కళ్ళు మూసుకుని, గొంతు ఏ మాత్రం తగ్గకుండా పాడి ముగించి, ఐదో గడి విప్పాడు. మిగతావన్నీ వచ్చాయి.

ఆ సాయంత్రం నిర్మల అడిగితే, "ఆయన ఆడనే ఉండిపోయిండు బిడ్డా. మంటలల్ల," అన్నాడు.

మొండయ్య ఇంకో మూడేళ్ళు ఆ పటం మోసి, 1987లో పోయాడు. ఆ గడి ఆయనకు చివరిదాకా తెల్లగానే ఉంది. ఆయన మేనల్లుడు ఇప్పుడు కథ చెబుతాడు. అతనికి అన్నీ కనిపిస్తాయి.

నిర్మల మ్యూజియానికి ఏడు ఉత్తరాలు రాసింది. ఇత్తడి రేకు మీద పేర్లు చేర్చారని ఎనిమిదో ఏట జవాబు వచ్చింది. పటం గురించి జవాబు రాలేదు. కాపలా మనిషికి కూడా ఒక ఉత్తరం రాయాలనుకుంది. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారనీ, మంటల్లో ఉన్నాయన ఒక్కడే ఇంకా అక్కడ ఉన్నాడనీ, వీలైతే ఆయన వైపు చూస్తూ ఉండమనీ రాయాలనుకుంది. కాగితం తీసుకుని కూచున్నాక, అతని పేరు తాను అడగలేదని గుర్తొచ్చింది. చివరికి 'మధ్య హాలు కాపలాదారు గారికి' అని రాసి పోస్టు చేసింది.